బడి సామాన్లు కొనబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి, పెద్ద మామయ్య దీవెనలు.

జూన్ 12న బళ్లు తెరుస్తారు, పిలకాయలిద్దరినీ తీసుకొని బుచ్చి నుంచి నెల్లూరు వస్తానన్నావు. పోయినేడు చిన్నోడు కొట్లోనే కింద పడి దొర్లాడనీ, నువ్వు చెయ్యి చేసుకున్నావనీ, ఈసారి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందనీ ఫోన్లో చెప్పావు. చిన్నబజారులో గుడ్డల కొట్టు గుమాస్తాగా నా వయసంతా గడిచింది గదా, తల్లీపిల్లల తగాదాలు దగ్గరగా చూసినవాణ్ణి. అవి చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలయ్యేవి. యూనిఫాం గుడ్డ తీసి పరిచిన వెంటనే తల్లి పిల్లవాణ్ణి అడుగుతుంది, "నచ్చిందా నాన్నా?" అని.

రంగు బడివాళ్లు నిర్ణయించింది, గళ్లు వాళ్లు నిర్ణయించినవి. నచ్చకపోతే మాత్రం మార్చగలమా? వాడు నచ్చలేదంటాడు. ఆమె నోరు మూసుకోమంటుంది. అయితే నన్నెందుకు అడిగావని వాడి కోపం, అందులో న్యాయముంది కూడా. ఆ కోపం అక్కడ దిగమింగి, తర్వాత వాటర్ బాటిల్ దగ్గర బయటపెడతాడు. అప్పుడు మనకు వాడి మొండితనం ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి యూనిఫాం, బూట్లు, బెల్టు విషయంలో వాణ్ణి అడగొద్దు. "బడివాళ్లు చెప్పింది ఇది, కొంటున్నాం" అను, చాలు. బ్యాగు, బాటిల్, టిఫిన్ బాక్సు, పౌచ్ మాత్రం పూర్తిగా వాడికే వదిలెయ్యి. ఇంట్లో ఉండగానే వాటికి ఇంత డబ్బని చెప్పి, వీలైతే నోట్లు వాడి చేతికే ఇవ్వు. బాటిల్‌కు ఎక్కువ పెడితే పౌచ్‌కు తగ్గుతుందని వాడే లెక్క వేసుకుంటాడు. మధ్యలో నువ్వు పోయి "ఈ రంగేందిరా" అన్నావంటే మొదటికొచ్చినట్టే.

బ్యాగు దగ్గర ఒక్క షరతు పెట్టు. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానంలో ఉంది. మనవాడు ఇరవై రెండు కిలోలుంటే పుస్తకాలతో కలిపి రెండు కిలోల రెండొందల గ్రాముల లోపే ఉండాలి. గట్టి బొమ్మ అతికించిన బ్యాగులు కొన్ని ఖాళీగానే బరువుంటాయి. అవి పక్కన పెట్టించి, మిగిలినవాటిలో ఏ బొమ్మ తీసుకున్నా మాట్లాడకు.

పెద్దదాని సంగతి వేరు. దానికి జడ్పీ హైస్కూల్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు ఇస్తారు. మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, బ్యాగు, నోటుపుస్తకాలు అన్నీ అందులోనే వస్తాయి. తొందరపడి ముందే కొంటే ఇంట్లో రెండేసి పోగవుతాయి. అలాగని, తమ్ముడికి కొనేటప్పుడు సంచి మొయ్యడానికి దాన్ని తిప్పితే ఎలా ఉంటుందో ఆలోచించు. "నీకు బళ్లో ఇస్తారుగా" అని ఒక్క ముక్క అనేస్తాం. పన్నెండేళ్ల పిల్ల పైకి ఏమీ అనదు, రాత్రికి అన్నం తినదు. తమ్ముడికి ఇచ్చినంత డబ్బూ దానికీ ఇవ్వు. గొడుగు కొనుక్కుంటుందో, మంచి పెన్నులు కొనుక్కుంటుందో దాని ఇష్టం. లోదుస్తులు మీ అత్త వెంట వెళ్లి విడిగా కొనుక్కుంటుంది. మగ గుమాస్తా ముందు సైజు గట్టిగా అడగొద్దు. నిజానికి ఎవరి ముందైనా సరే, "వీడు బాగా లావెక్కాడు", "దీని ఒంటి రంగుకు ఇది నప్పదు" అనే మాటలు కొట్లో వద్దు. మాకు అలవాటే గానీ, పిల్లల ముఖాలు చూడలేకపోయేవాళ్లం.

ఎదిగే పిల్లోడని రెండు సైజులు పెద్దది తీసుకునే అలవాటు నీకూ ఉంది. చొక్కా భుజం కుట్టు మోచేతి దాకా జారితే తోటి పిల్లలు ఏడాదంతా ఎగతాళి చేస్తారు, వాడు ఆ చొక్కా తొడుక్కోనని రోజూ పొద్దున్నే పేచీ పెడతాడు. భుజం కొలతకు సరిపోవాలి. పొడవు మాత్రం మడతలో దాచుకోవచ్చు. నిక్కరుకు, ప్యాంటుకు కింద రెండు అంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టమను, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. కాటన్ కలిసిన గుడ్డయితే తడిపి ఆరేసి ఇవ్వు. మే నెలలోనే టైలరుకు ఇచ్చెయ్యి, జూన్ వస్తే టైలరు నోట "రేపు" తప్ప ఇంకో మాట రాదు.

బేరం గురించి ఎవరూ చెప్పని సంగతొకటి చెబుతా. పిల్లోడు ముచ్చటపడి బ్యాగు పట్టుకుంటాడు. ధర తగ్గించడానికి తల్లి "ఇదేం బ్యాగయ్యా, జిప్పు చూడు ఎట్లుందో" అంటుంది. కొట్టువాడికి అది బేరమని తెలుసు, పిల్లోడికి తెలియదు. అమ్మకు నచ్చలేదనుకుంటాడు, ఏడుపు అందుకుంటాడు, ఆ ఏడుపు చూసి కొట్టువాడు ధర దిగడు. ముందే వాడి చెవిలో చెప్పు, ఉత్తుత్తికే అంటానని. సరదాగా వాడు కూడా ముఖం ముడుచుకొని నిలబడతాడు.

బయల్దేరే ముందు రోజు పాత బ్యాగులు ఇద్దరి చేతా దులిపించు. పనికొచ్చే జామెట్రీ బాక్సు, సగం వాడిన నోటుపుస్తకాలు బయటపడతాయి. తెల్లకాగితాలు చించి కుట్టిస్తే రఫ్ పుస్తకమవుతుంది. ఇక కొనాల్సిందేదో వాళ్ల కళ్లముందే రాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ తీసేశారు. పన్ను పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే ఊరుకోకు.

రోహిణీకార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ట్రంకు రోడ్డు మీద తిప్పకు. బళ్లు తెరిచే ముందు ఆదివారం అసలే వద్దు, కాలు పెట్టే చోటుండదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కాబట్టి అన్నీ ఒక్క రోజే ముగించాలని పట్టు పట్టకు, పెద్దదాన్నీ చిన్నోణ్ణీ చెరొక రోజు తీసుకురా. పక్కన పోటీ లేకపోతే ఇద్దరూ బుద్ధిమంతులే.

చిన్నోడితో వచ్చే రోజు పది గంటలకల్లా బజారులో ఉండండి. గుడ్డ, పుస్తకాలు ముగించుకొని అన్నానికి మనింటికి రండి. వాడు కాసేపు పడుకున్నాక, ఐదింటికి నేనూ వస్తాను, బూట్లు కొందాం. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు సరిపోయిన బూటే రోజంతా సరిపోతుంది. వాడి సాక్సులు మర్చిపోకుండా తీసుకురా, అవి వేసే చూడాలి. అల్లుడు రానంటే బలవంతం చెయ్యకు, బేరం మొదలెట్టగానే గడియారం చూసుకునే మనిషి ఆయన.

మీ పెద్ద మామయ్య