పొద్దు పొడిచాకే బండి తియ్యండి

ప్రశ్న: శివరాత్రికి వారం ముందు నల్గొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా కారులో శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి, పాపకు ఐదేళ్లు. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోతామని మా ఆయన అంటున్నారు. నాకేమో పొగమంచంటే టెన్షన్. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, ఏ బట్టలు పెట్టుకోవాలో కూడా తెలియట్లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: నాలుగింటికి వద్దండీ, మీ భయమే నిజం. చలి వెనకబట్టే ఈ రోజుల్లో రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది, యాసంగి మడులకు నీళ్లు పెట్టిన చోట, చెరువు కట్టల పక్కన ఆ తేమంతా తెల్లారేసరికి పొగమంచై రోడ్డు మీద కూర్చుంటుంది. కిలోమీటరు దాకా దారి శుభ్రంగా కనిపిస్తుంది, మలుపు తిరగ్గానే ఏమీ ఉండదు.

ఓ ఫిబ్రవరి పొద్దున దేవరకొండ దాటాక నా ముందు పత్తి బోరాల ట్రాక్టర్ పోతోంది. బోరాలు రెండు పక్కలా ట్రాలీ దాటి పొంగి ఉన్నాయి, వెనక ఎర్ర లైటు లేదు. బోరం మూతి కుట్టిన పురికొస కనిపించేంత దగ్గరికి వెళ్లాక గానీ బ్రేకు తొక్కలేదు నేను. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ పొద్దు పొడవకుండా ఆ దారిన బండి తియ్యలేదు. పైగా మీరు వెళ్లేది శివమాల వేసుకున్నవాళ్లు గుంపులుగా శ్రీశైలం నడిచే రోజులు, చీకట్లో, మంచులో రోడ్డు అంచునే నడుస్తుంటారు. వాళ్ల కోసమైనా ఏడింటికి బయల్దేరండి.

అప్పటికీ మంచు తగిలితే డిమ్ లైట్‌లోనే పోనివ్వండి, హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. లోపల నలుగురు ఊపిరి వదులుతుంటే అద్దానికి ఆవిరి పడుతుంది, దాన్ని చేత్తో తుడవొద్దు, జిడ్డు మిగులుతుంది. చలిగా ఉన్నా సరే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. ఏసీ తేమను లాగేస్తుంది, రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే చూపించండి. ఎండకూ పరుగుకూ ప్రెషర్ పెరగడం మామూలే, అది చూసి మధ్యాహ్నం గాలి తీయించొద్దు.

బట్టలకు పెద్ద ఆలోచన అక్కర్లేదు, లోపల నూలు బట్టలు, పైన శాలువా, స్వెటర్. పది దాటేసరికి అవి వాటంతటవే సీట్లోకి చేరతాయి. నీళ్లు మాత్రం బాగా పెట్టుకోండి, ఏసీలో దాహం తెలియక పెద్దవాళ్లు తాగరు, అత్తమ్మగారికి మీరే గుర్తుచేసి తాగించాలి.

మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పెట్రోలు అంతకుముందే నింపుకోండి. అక్కడి చెక్‌పోస్టు మామూలుగా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలదు, కాబట్టి దర్శనం ఆలస్యమైతే ఆ రాత్రికి శ్రీశైలంలోనే ఉండిపోండి, వెళ్లేటప్పుడే వేళలు అడిగి పెట్టుకోండి. ఈ కాలంలో అడవి ఆకు రాల్చి ఎండి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోవడానికి. మోదుగులు మాత్రం ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటాయి, పాపకు తప్పకుండా చూపించండి, బండి లోంచే. కోతులకు అరటిపండు కూడా వేయొద్దు, తిండి కోసం రోడ్డు మీదికి అలవాటుపడి చక్రాల కింద పడుతున్నాయి పాపం.

దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగుడు మలుపులు. బ్రేకు మీదే కాలు ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి, తక్కువ గేర్‌లో దిగమని మీ ఆయనకు చెప్పండి. పాపకు డిండిలో రెండు ఇడ్లీలతో సరిపెట్టి, ఆ మలుపుల్లో ఫోన్ ఇవ్వకుండా, కిటికీ కొంచెం దించి ముందుకు చూడమనండి, వాంతి రాదు.