కొబ్బరి తోటలో గేదెలు: తప్పు వాటిది కాదు, పెంటపోగుది

ప్రశ్న: మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. అందులోనే మకాం (పశువుల పాక) వేసి మూడు గేదెలు, ఒక ఆవును మేపుతున్నాం. మొవ్వు (చెట్టు నడినెత్తిన కొత్త ఆకులు వచ్చే చోటు) ఆకులు తెగిపోయి వస్తున్నాయి. మందుల షాపులో మొవ్వు కుళ్లు అన్నారు, మూడుసార్లు మందు కొట్టించాం, తగ్గలేదు. పశువుల వల్లే ఇదంతా అని మా బావమరిది అమ్మేయమంటున్నాడు. తోటలో పశువులుంటే నేలకు మంచిదని విన్నాం, ఏది నిజం? (ఒక రైతు, అంబాజీపేట మండలం)

జవాబు: మొవ్వు కుళ్లు కాదండి. అదే అయితే నడిమి మొవ్వాకు వాడిపోయి, లాగితే ఊడి చేతికొస్తుంది, కంపు కొడుతుంది. మీరు పంపిన ఫోటోల్లో ఆకు కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో తెగి ఉంది, మట్ట మొదట్లో రంధ్రం, దాని బయట నమిలి వదిలిన పీచు. ఇది కొమ్ము పురుగు, మొవ్వును తొలిచే పెంకు పురుగు. తెగులు మందుకు పురుగు చస్తుందా? షాపులో చెట్టు చూడకుండా, ఫోటో కూడా అడక్కుండా రెండు సీసాలు చేతిలో పెట్టారు, మీరు మూడుసార్లు కొట్టించారు. ఆ మందంతా కింద గడ్డి మీదే కదా పడింది, ఆ గడ్డే కదా గేదెలు మేసింది, ఆ పాలే కదా ఇంట్లో పిల్లలు తాగింది!

మీ బావమరిది మాటలో పావు వంతు నిజముంది. పురుగును తెచ్చింది గేదెలు కాదు గానీ, మకాం పక్కన ఏడాదిగా కదపని పెంటపోగు ఉందే, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. పోగు తవ్వి చూడండి, ముడుచుకున్న తెల్లటి లావుపాటి పిల్ల పురుగులు కనిపిస్తాయి. పడిపోయిన పాత చెట్ల మొద్దులు తోటలో ఉంచినా అంతే. పోగును రెండు మూడు నెలలకోసారి తిరగేసి, మాగిన ఎరువు చెట్లకు వేసెయ్యండి. తిరగేసే రోజు నాటుకోళ్లను వదలండి, మీకన్నా అవే బాగా ఏరతాయి. పెంట పోసే గుంతలో మెటారైజియం కలపాలి, అది ఈ పురుగుకు జబ్బు తెచ్చే శిలీంధ్రం. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో చెబితే ఎంత కలపాలో చెబుతారు. గుంత తడిగా ఉండాలి, అందులో తెగులు మందు పొయ్యకూడదు.

చెట్టు మీద చేయాల్సింది: చెట్టుకు వేపపిండి 250 గ్రాములు, అంతే ఇసుక కలిపి పైనున్న మూడు మట్టల మొదళ్లలో వెయ్యాలి, మే, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో. కాయల దింపుకు ఎక్కినప్పుడే ఇనుప చువ్వతో రంధ్రంలో పురుగును లాగించండి. ఆ గాయాన్ని వదిలేస్తే ఎర్రముక్కు పురుగు చేరుతుంది, అప్పుడు చెట్టే పోతుంది.

ఇక పశువులు అమ్మొద్దు. పెద్ద చెట్ల కింద ఎండ బాగానే పడుతుంది, గినీ గడ్డి వేస్తే ఆ కాస్త నీడలోనూ పెరుగుతుంది, కలుపు మందు ఖర్చు మిగులుతుంది, నేల మీద గడ్డి ఉంటే వాన దెబ్బకు మట్టి కోతపడదు, పేడతో వానపాములు పెరుగుతాయి. వేసవిలో గేదె నీడలో ఉంటే ఎండ దెబ్బ తక్కువ. ఒక్క తప్పు అందరూ చేస్తారు, పేడ ఒక్కటే ఎత్తుతారు. పశువు విసర్జించే పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది, కొబ్బరికి కావాల్సిందేమో పొటాషే. మకాంలో కొబ్బరి పీచు పొట్టు పరవండి, మూత్రం పీల్చుకుంటుంది, తడిసింది గుంతలో వెయ్యండి. అలాగని ఎరువులు మానేయొద్దు. కాపు చెట్టుకు ఏడాదికి యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2.5 కిలోలు రెండు సమభాగాలుగా వెయ్యాలి. తగ్గించాలనుకుంటే ముందు మట్టి పరీక్ష.

వానాకాలంలో మన బంకనేల తడిగా ఉన్నప్పుడు గేదెల్ని తోటలో వదలకండి, తొక్కిడికి నేల బిగుసుకుంటుంది. గడ్డి కోసి మకాంలోనే వెయ్యండి. చిన్న మొక్కల వరుసకు కంచె ఉండాల్సిందే.

మూడోసారి కొట్టి పది రోజులే అయిందన్నారు. ఆ గడ్డి కోసి పక్కన పారేసి, కొత్త చిగురు వచ్చేదాకా బయటి మేత తెచ్చి వెయ్యండి.