బుజ్జీ, ఆ ఆకుపచ్చ వైరు మాత్రం కత్తిరించకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు చేత్తో చేసిన సింథసైజర్లతో, అదే కరెంటుతో సంగీతం పుట్టించే పెట్టెలతో, హైదరాబాద్‌లో ఎవరిదో డాబా మీద ప్రోగ్రాం ఇస్తున్నావని, దానికోసం రెండు నెలలుగా రాత్రి రెండింటిదాకా సోల్డరింగ్ చేస్తూ కూర్చుంటున్నావని, ఉద్యోగం కూడా మానేస్తానంటున్నావని ఏడ్చినంత పని చేసింది. ఉద్యోగం సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి, అందులో నేను తల దూర్చను. నాకు నిద్ర పట్టనివ్వని మాట వేరే ఉంది. "డాబా మీద, ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి" అంది చూడు, ఆ మాట. సెప్టెంబరు నెలలో, వానల్లో.

అలాగని పెదనాన్నకి భయం ఒక్కటే అనుకోకు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మని లేపి "మన బుజ్జి సీక్వెన్సర్ కట్టిందే" అని చెప్పాను. స్వరాల్ని వరసగా, మళ్ళీ మళ్ళీ వాయించే పెట్టె అది, తనకి అదేంటో తెలీదు. అయినా సరే, లేచి కూర్చుని మొత్తం వింది.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఒక్క 40106 ఐసీ చిప్పుతో ఆరు ఆసిలేటర్లు, అంటే శబ్దం పుట్టించే సర్క్యూట్లు, ఒక్కోదానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు, అంతే. ఆరూ దగ్గర దగ్గర శ్రుతుల్లో ఉండి ఒకదాన్నొకటి రాసుకుంటుంటే వచ్చే ఆ అల, తంబురా దగ్గర చెవి పెట్టినట్టుంది. దాన్ని గోల అన్నవాళ్ళ మాట పట్టించుకోకు. నీ సోల్డరింగ్ కూడా చూశాను, రెండు చోట్ల టంకం బూడిద రంగులో ఉంది, అది డ్రై జాయింట్, సరిగ్గా అతకలేదన్నమాట, మళ్ళీ కాల్చు.

తెలిసిన సంగతులే, గబగబా చెప్పేస్తాను. ఐసీని నేరుగా టంకం వెయ్యకు, సాకెట్ పెట్టు. వాడని ఇన్‌పుట్లని గాల్లో వదిలెయ్యకు, గ్రౌండ్‌కి కట్టు. ప్రతి ఐసీ పక్కనా ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టు. అవుట్‌పుట్‌లో కెపాసిటరు లేకుండా ఏ ఆంప్లిఫయర్‌కీ తగిలించకు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళినప్పుడు ఒకటి కావాలంటే మూడు కొను. సోల్డరింగ్ అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోకు. కొత్త సర్క్యూట్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకోకు, అది ఎంత గట్టిగా అరుస్తుందో కట్టినవాళ్ళకి కూడా తెలీదు, పోయిన చెవి తిరిగి రాదు. మంచి శబ్దం దొరికితే బ్రెడ్‌బోర్డు పీకే ముందు రికార్డు చేసి, సర్క్యూట్ కాగితం మీద గియ్యి. రేపు గుర్తుంటుందిలే అనుకోకు, గుర్తుండదు.

ఇక నీ సీక్వెన్సర్‌లో ఉన్న 4017 ఐసీ గురించి. ఆ ఐసీని చూడగానే పాత చుట్టం ఎదురైనట్టు అనిపించింది. మా రోజుల్లో వినాయకుడి వెనక చక్రంలా తిరిగే లైట్లు ఉండేవే, వాటి గుండెకాయ అదే. క్లాక్ దెబ్బ పడ్డప్పుడల్లా పది అవుట్‌పుట్లలో ఒకటి వెలిగి, అది ఆరి పక్కది వెలుగుతుంది. ప్రతి చవితికీ పదీ పన్నెండు పందిళ్ళకి ఆ లైట్లు కట్టిచ్చేవాణ్ణి. ఒకరోజు లైట్లు తీసేసి, ఒక్కో అవుట్‌పుట్‌కీ డయోడు, దాని వెనక పొటెన్షియోమీటరు, అంటే తిప్పే నాబ్, పెట్టి, అన్నీ కలిపి శబ్దం పుట్టించే 555 టైమర్ ఐసీ ఐదో కాలికి ఇచ్చాను. పాట వచ్చింది. పది స్వరాలు, ఆగకుండా. నాబ్ ఎక్కువ చేస్తే శ్రుతి దిగుతుంది, తగ్గిస్తే ఎక్కుతుంది, తలకిందులు. దానికి అలవాటుపడ్డానికి మాకు వారం పట్టింది.

ఆ ఐసీ కాళ్ళ నంబర్లు వరసలో ఉండవు, ఈపాటికి నీకూ తెలిసే ఉంటుంది. మొదటి అవుట్‌పుట్ మూడో కాలు, రెండోది రెండో కాలు, మూడోది నాలుగు, నాలుగోది ఏడు. వీడియోలో నువ్వు పది అవుట్‌పుట్లూ, అంటే పది అడుగులూ వాడుతున్నావు. ఒక్కసారి ఎనిమిదో అవుట్‌పుట్, అంటే ఆరో కాలు, తీసుకెళ్ళి పదిహేనో కాలికి, రీసెట్‌కి, కట్టి చూడు. ఏడు అడుగులకే మొదటికొస్తుంది, మిశ్రచాపు. ఆరో అవుట్‌పుట్‌ని, అంటే ఒకటో కాలిని కడితే అయిదు, ఖండచాపు. ఆ రెండు వైర్లకీ మధ్య ఒక స్విచ్చి పెట్టుకుంటే వాయిస్తూ వాయిస్తూనే నడక మార్చెయ్యొచ్చు. వినేవాళ్ళు ఉలిక్కిపడతారు.

ఇది విదేశాల పిచ్చి అని మీ అమ్మ అంటే, అహ్మదాబాద్ సంగతి చెప్పు. 1969లోనే అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా ఆయన వచ్చి బిగించాడు, గీతా సారాభాయి లాంటి మనవాళ్ళు దాని మీద పనిచేశారు. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ టీఆర్-808 డ్రమ్ము మెషీను, టీబీ-303 బేస్ సింథసైజరు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో తాళంలో రికార్డు చేశాడు. అప్పట్లో మాకు ఇవేవీ తెలీవు, తెలిసుంటే తెనాలిలో మేమిద్దరమే పిచ్చివాళ్ళమని అనుకునేవాళ్ళం కాదు. మేమిద్దరం అంటే నేనూ మీ నాన్నా.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదువు. మీ నాన్న నీకిది చెప్పి ఉండడు.

1986 వినాయక చవితి. నాకు రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. మీ నాన్నకి ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయిపోయి రోజంతా నా షాపులోనే కూర్చునేవాడు. చెయ్యి నాది, చెవి వాడిది. నేను కట్టిన పది నాబుల పెట్టెని వాడు పట్టుకుంటే అది వేరే వస్తువైపోయేది. ఏ నాబ్ ఎంత తిప్పాలో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ ఏడాది స్కూలు ఆవరణలో వేసిన పందిట్లో దాన్ని వాయిస్తామని కమిటీ వాళ్ళని ఒప్పించాం.

పెట్టె అల్యూమినియం రేకుతో చేశాను. లోపల మెయిన్స్ కరెంటుని 12 వోల్టులకి దింపే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812 రెగ్యులేటరు. షాపులో ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే వెనకాల ఒకటే హమ్, బుయ్‌మనే మోత. పెట్టెకీ ఎర్త్ ఉంది, ఆంప్లిఫయర్‌కీ ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డు, అంటే దాని లోహపు అల్లిక, ఆ రెంటినీ కలిపి ఒక చుట్టు చేసింది. కారణం నాకు తెలుసు బుజ్జీ. తెలిసీ, పొద్దుపోయిందని, మర్నాడే ప్రోగ్రాం అని, ప్లగ్గు విప్పి ఆకుపచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, కత్తిరించి చివర టేపు చుట్టేశాను. హమ్ పోయింది. ఎంత శుభ్రంగా వినిపించిందో చెప్పలేను. మీ నాన్న నన్ను వాటేసుకున్నాడు.

అంతకుముందే ఇంకో తప్పు చేసి ఉన్నాను. మెయిన్స్ వైరు లోపలికి వెళ్ళడానికి రేకుకి డ్రిల్లుతో కన్నం పెట్టి, దానికి రబ్బరు గ్రోమెట్, అంటే వైరు కోసుకోకుండా కాపాడే రింగు, వెయ్యలేదు. పెట్టెని సైకిల్ క్యారేజీ మీద కట్టుకుని అటూ ఇటూ తిరిగినప్పుడు ఆ రేకు అంచు వైరు తొడుగుని రంపంలా కోస్తూ వచ్చింది. ఎర్త్ ఉండుంటే ఆ ఫేజు రేకుకి తగిలిన క్షణంలో ఫ్యూజు ఎగిరిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి 230 వోల్టులు పెట్టె ఒళ్ళంతా పాకి, ఎవరి చెయ్యి తగులుతుందా అని కూర్చుంది.

సాయంత్రం వాన పడి తెరిపిచ్చింది. దేవుడి పందిరి కదా, అందరం చెప్పులు విప్పాం. కరెంటు పోతుందని మైక్ సెట్ వాళ్ళు ఆంప్లిఫయర్‌ని కారు బ్యాటరీ మీద నడుపుతున్నారు. అంటే అక్కడ రెండో ఎర్తే లేదు, ఆకుపచ్చ వైరు ఉంచినా ఆ రోజు హమ్ వచ్చేది కాదు. ఈ మాట నాకు ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

ఏడు అడుగుల వరస మొదలైంది. పిల్లలంతా ముందుకొచ్చి కూర్చున్నారు. మీ నాన్న కుడిచేత్తో నాబ్ తిప్పుతున్నాడు, నాబ్‌లు ప్లాస్టిక్‌వి కాబట్టి ఏమీ కాలేదు. పెట్టె బల్ల మీద జరుగుతోందని ఎడమచేత్తో అంచు పట్టుకున్నాడు. ముఖం ఒకలా అయిపోయింది. నేను నవ్వుతున్నాడనుకున్నాను. వదలడేంటి అనుకున్నాను. వదల్లేకపోతున్నాడని అర్థం కావడానికి నాకు రెండు మూడు సెకన్లు పట్టింది, ఏసీ కరెంటు చేతిని ముడిచేస్తుంది, తెరవనివ్వదు. ఆ రెండు మూడు సెకన్లూ పాట ఆగలేదు. తాళం తప్పకుండా ఏడు అడుగులూ వేస్తూనే ఉంది. నేను వాణ్ణి పట్టుకోబోతే వెనకనుంచి స్కూలు వాచ్‌మన్ నా చొక్కా పట్టి లాగి, వరండాలో స్విచ్చి ఆర్పాడు. ఆయన లేకపోతే మేమిద్దరం లేము.

మీ నాన్న ఎడమ అరచేతిలో తెల్లటి మచ్చ ఉంటుంది కదా, చిన్నప్పుడు నువ్వు అడిగితే వేడి నూనె పడిందని చెప్పాం. నూనె కాదు తల్లీ.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ పెట్టె మళ్ళీ ముట్టుకోలేదు, నేనూ విప్పి పారేశాను, తర్వాత ఇద్దరం దాని మాటెత్తలేదు.

అందుకే చెప్తున్నాను, విసుక్కోకుండా విను. ముందు నీ పెట్టెల్ని బ్యాటరీ మీదే నడుపు. ఈ ఐసీలు తాగే కరెంటు ఎంత, ఎనిమిది పెన్సిల్ సెల్స్ పెడితే 12 వోల్టులు, ఒక సాయంత్రానికి హాయిగా చాలు. సెల్స్ దిగేకొద్దీ శ్రుతి కొంచెం జారుతుంది, జారనీ, అదీ సంగీతమే. బ్యాటరీ ఉంది కదా అని ధీమాగా కూడా ఉండకు. నీ కేబుల్ అటు చివర ఎవరిదో ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి ఎర్త్ లేక లోపల ఫేజు తగిలితే ఆ షీల్డు పట్టుకుని నీ చేతిదాకా వస్తుంది. కాబట్టి మధ్యలో ఒకటికి ఒకటి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. హమ్‌కి సరైన మందు కూడా అదే. ఆ డాబా మీదకి లాగే లైనుకి 30 మిల్లీఆంపుల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, ఉందో లేదో ఇంటివాళ్ళని అడుగు. అడగడానికి మొహమాటపడకు. లేదంటే ప్రోగ్రాం కింద హాల్లో పెట్టుకోండి. వాన తుంపర పడితే మధ్యలోనైనా సరే ఆపెయ్యి, వచ్చినవాళ్ళు ఏమైనా అనుకోనీ. రబ్బరు చెప్పులు వేసుకో. కింద పొడి చెక్క బల్ల వేసుకో. ఒక్కదానివే ఉన్నప్పుడు మెయిన్స్ పెట్టె మూత తీసి పని చెయ్యకు. ఎవరైనా "హమ్ వస్తోంది, ఎర్త్ తీసెయ్యి" అంటే, వాళ్ళు ఎంత పెద్ద సౌండ్ ఇంజనీర్ అయినా సరే, పెదనాన్న వద్దన్నాడని చెప్పు.

ఒకవేళ మెయిన్స్ పెట్టె కట్టి ఉంటే, ప్లగ్గులో ఎర్త్ పిన్నుకీ పెట్టె రేకుకీ మధ్య మీటరు పెట్టి చూడు, ఒక ఓమ్ లోపు చూపించాలి. మిగతా రెండు పిన్నులకీ రేకుకీ మధ్య కనెక్షన్ అసలు చూపించకూడదు. ఫోటో తీసి పంపు. లేదు, ఫోటో వద్దు, నేనే వస్తాను.

ఇవాళ పొద్దున్న మీ నాన్న మా ఇంటికి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలీక నీ వీడియో పెట్టాను. మొదటిసారి కిటికీ వైపు చూస్తూ విన్నాడు. రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి ఫోన్ తన చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, అయ్యాక చాలాసేపు ఊరుకుని, "ఏడోది కాస్త దిగింది అన్నయ్యా, ఆ నాబ్ కొంచెం వెనక్కి తిప్పమను" అన్నాడు.

శనివారం పొద్దున్న బండికి ఇద్దరం వస్తున్నాం. నా మీటరు తెస్తాను, నువ్వు గ్రోమెట్లు కొని ఉంచు.

మీ పెదనాన్న