మీరడిగారు: పెన్‌డ్రైవ్‌లో ‘టీ ఫైవ్ లుగు’

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు బ్రెయిలీ నేర్చుకుంది గానీ, ఆ లావుపాటి పుస్తకాలు మొయ్యలేక రెండేళ్లుగా అన్నీ వినడమే. ఇక్కడి బడిలో తెలుగు లేదని, ఊళ్లో తన పాత టీచరు గారు తెలుగు కథలు పెన్‌డ్రైవ్‌లో పంపారు. కంప్యూటర్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. అంతా ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మధ్యలో ఎట్ గుర్తులు. స్క్రీన్ రీడర్ ‘టీ ఫైవ్ లుగు’ అని చదివితే పిల్ల పడీపడీ నవ్వింది. నాకేమో టెన్షన్. మావారు వైరస్సే అంటున్నారు. ట్యాబ్‌లో అసలు తెరుచుకోలేదు. ఫైళ్లు తీసేసి, ఆడియో పంపమని అడగమంటారా?
– ఒక అమ్మ, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: తీసెయ్యకండమ్మా! ఆ ఫైళ్లకి ఏ రోగమూ లేదు. మీ పిల్లని నవ్వించిన ఆ మాట ‘తెలుగు’. టీచరు గారు పంపినవి బ్రెయిలీ ఫైళ్లు. పేరు చివర బీఆర్ఎఫ్ అని ఉందేమో చూడండి.

బ్రెయిలీలో వేలితో తడిమి చదివే ఆరు చుక్కల గడిని, చూపులేని మేం సెల్ అంటాం. ఆరు చుక్కల్లో ఏవి లేచాయి, ఏవి లేవలేదు అన్న లెక్కన, ఖాళీ గడితో కలిపి 64 రకాలొస్తాయి. ఒక్కో రకానికి కీబోర్డు మీది గుర్తు ఒకటి కేటాయించారు. ‘తెలుగు’ కాగితం మీద మూడక్షరాలు. బ్రెయిలీలో ఆరు సెల్‌లు: త, ఎ, ల, ఉ, గ, ఉ. వాటికి కేటాయించిన గుర్తులు వరసగా టి, 5, ఎల్, యు, జి, యు. మీరు చూసింది వాటినే. ‘అమ్మ’ అయితే ఏ, ఎట్ గుర్తు, రెండు ఎమ్‌లు. మన వత్తుని బ్రెయిలీలో ముందే చెప్పేస్తాం, ఆ ఎట్ గుర్తు పని అదే. మీ ఫైల్లో అక్కడక్కడా ఆశ్చర్యార్థకం కనిపిస్తే కంగారు పడకండి, అది ‘ధ’. అదే గుర్తు కుదించిన ఇంగ్లిషు బ్రెయిలీలో ‘the’ అనే మాట!

(భారతీయ భాషలన్నిటికీ ఒకే బ్రెయిలీ అని 1951లో కుదుర్చుకున్నారు. మన ‘క’, కన్నడ ‘క’, తమిళ ‘క’ అన్నిటికీ అవే చుక్కలు. మల్లేశ్వరంలో నా కన్నడ స్నేహితురాలి పుస్తకాలు నేను గడగడా చదివేస్తాను. అర్థం అడగకూడదంతే.)

ఇప్పుడు ఆడియో సంగతి. నేనూ కాలేజీ అంతా క్యాసెట్లు వినే గట్టెక్కాను. డిగ్రీ అయ్యాక కూడా ‘ధరఖాస్తు’ అనే రాసేదాన్ని. చదివి పెట్టేవాళ్లు అలాగే ఒత్తి పలికేవారు, నా చెవి అలాగే నమ్మింది. చాలా ఏళ్ల తర్వాత ఒక రోజు వేలికింద ‘ద’ తగిలింది. ‘ద’కి 1, 4, 5 చుక్కలు, ‘ధ’కి 2, 3, 4, 6. వేలు పొరబడడానికి వీల్లేదు. అప్పటిదాకా పంపిన దరఖాస్తులన్నీ తలుచుకుని సిగ్గుతో చచ్చాను. మీ అమ్మాయికి ‘భాష’, ‘విషయం’, ‘గణితం’ చెప్పి రాయించి చూడండి. బ, శ, న వచ్చాయంటే నా దారే పట్టిందన్న మాట. కథలు వింటే విననివ్వండి, నేనూ వింటాను. తెలుగు మాత్రం వేళ్లతో చదవాలి.

దేని మీద చదవాలంటారా? కంప్యూటర్ తెరకీ, ట్యాబ్ అద్దానికీ చుక్కలు లేవవు. బ్రెయిలీ డిస్‌ప్లే అని వేరే పరికరం కావాలి. అందులో సన్నటి పిన్నులు లేస్తూ పడుతూ వరస తర్వాత వరస చూపిస్తాయి. చవక కాదు. అందుకని కొనేముందు పిల్ల చెయ్యి దాని మీద పెట్టించండి. మీకు మరీ దూరం కాదు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మిత్రజ్యోతి వాళ్లకి బ్రెయిలీ ముద్రణ కూడా ఉంది. ముందు ఫోన్ చేసి, పరికరం పట్టుకు చూసే వీలుందేమో అడిగి వెళ్లండి. ఆర్బిట్ రీడర్ లాంటి వాటిలో మెమరీ కార్డు మీద ఫైల్ వేసి నేరుగా తెరుచుకోవచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు. ఒక్క చికాకు: ఈ ఫైళ్లు మామూలుగా వరసకి 40 సెల్‌లు, పేజీకి 25 వరసల లెక్కన తయారవుతాయి. చిన్న పరికరంలో 20 సెల్‌లే ఉంటాయి కాబట్టి ఒక వరసని రెండు ముక్కలుగా చదవాలి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

డిస్‌ప్లేని కంప్యూటర్‌కి తగిలిస్తే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చాలు, అది ఉచితం. కానీ అందరూ బోల్తా పడేది ఇక్కడే. బ్రెయిలీ సెట్టింగుల్లో అవుట్‌పుట్ టేబుల్ (ఏ గుర్తుకి ఏ చుక్కలో చెప్పే పట్టిక) తెలుగులోనో, కుదించిన ఇంగ్లిషులోనో ఉంటే, ఇప్పటికే బ్రెయిలీ అయిన దాన్ని మళ్లీ బ్రెయిలీ చేస్తుంది. వడియాన్ని మళ్లీ పిండిలో ముంచినట్టుంటుంది. అమెరికన్ ఇంగ్లిషు ఆరు చుక్కల కంప్యూటర్ బ్రెయిలీ టేబుల్ ఎంచుకుని, ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ‘టీ ఫైవ్’ గోల వినపడకుండా మాట ఆపేసుకోండి. ట్యాబ్ సంగతి: ఐప్యాడ్ అయితే 2025లో వచ్చిన 26వ వెర్షన్‌లో బ్రెయిలీ యాక్సెస్ అని ఉంది, ఈ ఫైళ్లని నేరుగా తెరుస్తుంది. ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్ కూడా డిస్‌ప్లేతో కలుస్తుంది.

మీరూ పక్కన కూర్చుని చూడాలనుకుంటే, ఫైల్‌ని వర్డ్‌లో తెరిచి మొత్తానికీ బ్రెయిలీ ఫాంట్ పెట్టండి. చుక్కలు కనిపిస్తాయి. మీవారికి కూడా చూపించండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఒక చిన్న పత్రిక తెస్తున్నాం. ఒక చూపులేని పెద్దాయన కోసం దాని పీడీఎఫ్‌ని బ్రెయిలీ ఫైల్‌గా మార్చబోతే చెత్త వస్తోంది. కారణం?
– వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: డీటీపీ ‘అను’ (Anu) అనే రకం ఫాంట్లలో చేయించి ఉంటారు. పై అమ్మగారి కథకి తలకిందులు మీది. చూడ్డానికి తెలుగే, లోపల ఉన్నవి వేరే కోడ్‌లు. లిబ్‌లూయీ లాంటి ఉచిత మార్పిడి ప్రోగ్రాముల్లో తెలుగు ఉంది గానీ, వాటికి యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగక్షరంగానే గుర్తుపట్టే కోడ్‌లు కావాలి. పీడీఎఫ్ వదిలేసి రచయితల దగ్గర వర్డ్ ఫైళ్లు అడగండి. ఫోన్లో టైపు చేసి పంపిన వాళ్లుంటే ఇంకా మంచిది, అది యూనికోడే. పాత సంచికలకి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, కాకపోతే వత్తుల దగ్గర కన్నేసి ఉంచాలి. పెద్దాయనకి ఇచ్చేముందు మొదటి సంచిక ఈ పత్రిక ద్వారా నాకు పంపండి. పత్రికల్లో అచ్చుతప్పులు పట్టడం నాకు భలే సరదా.