పడితే ఒక్కరే లేపగలిగే బండి కొనండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. వయసు 31. చేతికొచ్చే జీతం నెలకు 62,000 రూపాయలు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చులు 38,000, అమ్మ మందులకు 3,000, సిప్ 6,000, రెండు లక్షల చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 3.1 లక్షలున్నాయి. మిత్రులు సెలవు రోజుల్లో పాడేరు, లంబసింగి వైపు మట్టిదారుల్లో బైకుల మీద తిరుగుతుంటారు. నాకూ ఆ సరదా పట్టుకుంది. ఇప్పటివరకు నడిపింది 110 సీసీ బండి మాత్రమే. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీద మనసుంది. అన్నీ కలిపి 3.6 లక్షలు పెట్టుకున్నాను. చీటీ పాడి 1.1 లక్షలు ముందుగా కట్టి, 2.5 లక్షలు మూడేళ్ల అప్పు తీసుకుందామని ఆలోచన. వడ్డీ తొమ్మిది శాతమేనట. మా బావమరిది తన హీరో ఎక్స్‌పల్స్ 200ను 75,000కు ఇస్తానంటున్నాడు కానీ, అది పాతది కదా అని వెనకాడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్ని లెక్కలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ బండి మొదటి ఏడాదిలో ఎన్నిసార్లు కింద పడుతుందో మీరు వేసుకోలేదు.

మట్టిదారి నేర్చుకునేవాళ్లు పడతారు. అదీ వేగంగా వెళ్లి కాదు, మనిషి నడిచేంత నెమ్మదిలోనే. తడిసిన ఎర్రమట్టి మీద ముందు చక్రం పక్కకు జారుతుంది. ఎత్తు ఎక్కుతుండగా ఇంజను ఆగిపోతుంది, కాలు దించబోతే అక్కడ నేల ఉండదు. నేను కొన్న మొదటి బండి 190 కిలోలు దాటేది. అరకు దిగువన మోకాలి లోతు గెడ్డ దాటుతూ దాన్ని రాళ్ల మీద పడుకోబెట్టాను. ఒక్కడినే లేపలేకపోయాను. పశువులు కాస్తున్న ఒక పెద్దాయన, ఆయన మనవడు వచ్చి చేయి వేశారు. ఒడ్డుకు చేరాక ఆయన అడిగింది ఒక్కటే: ‘‘లేపలేని బండి ఎందుకు కొన్నావు బాబూ?’’ ఇరవై ఏళ్లుగా అప్పుల గురించి నేను నలుగురికీ చెబుతున్న మాట అదే. ఆ రోజు నాకే చెప్పించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మీ విషయంలో మొదట చూసేది ధర కాదు, బరువు. హిమాలయన్ 450 పెట్రోలుతో కలిపి 196 కిలోలు. పాత ఎక్స్‌పల్స్ 200 అటూ ఇటూగా 157 కిలోలు. తేడా దాదాపు 40 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర. రోజుకు నాలుగుసార్లు ఆ బస్తాలను అదనంగా ఎత్తి చూడండి, మధ్యాహ్నానికి సరదా దిగిపోతుంది. హిమాలయన్‌ను తక్కువ చేయడం లేదు. లగేజీ కట్టుకుని వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు అది చక్కటి బండి. మీరు అడిగింది ఆ ప్రయాణం గురించి కాదు.

తరువాత చూడాల్సింది సీటు ఎత్తు. మీ ఎత్తుకు 825 మిల్లీమీటర్ల దగ్గర సీటుంటే రెండు కాళ్ల మునివేళ్లు ఆనతాయి, అది చాలు. తేలికగా ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటే. కవాసకి కేఎల్‌ఎక్స్ 230 బరువు 139 కిలోలే, చేతికి పువ్వులా ఉంటుంది. కానీ దాని సీటు 880 మిల్లీమీటర్లు. మీరు ఎక్కి కూర్చుంటే ఒక కాలు గాలిలోనే. కాగితం మీద కొలతలు సగమే చెబుతాయి. బూట్లు వేసుకుని షోరూముకు వెళ్లి కూర్చోండి, బండిని ఒక పక్కకు వాల్చి నిలబెట్టి చూడండి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.

ఇంజను శక్తి గురించి మీరు అడగలేదు, మంచిదే. కొత్తవాళ్లు మట్టిదారిలో ఉండేది మొదటి గేరులో, రెండో గేరులో. అక్కడ 18 హెచ్‌పీ ఎక్కువే. ముందు చక్రం 21 అంగుళాలు ఉండాలి, రాళ్ల మీదుగా దొర్లిపోతుంది. ఎక్స్‌పల్స్‌కు అది ఉంది. టైర్లలో ట్యూబులుంటాయి కాబట్టి పంక్చరు వేయడం మీరే నేర్చుకోవాలి. చింతపల్లి దాటాక దుకాణం కోసం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక డబ్బు.

తొమ్మిది శాతం అన్నది ఫ్లాట్ వడ్డీ అయి ఉంటుంది. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, చివరి నెల వరకు మొత్తం రెండున్నర లక్షల మీదే వడ్డీ లెక్క కడతారు. మూడేళ్లకు 67,500. కిస్తీ 8,819. తగ్గే అసలు మీద నిజంగా తొమ్మిది శాతమే అయితే కిస్తీ 7,950, మొత్తం వడ్డీ 36,200 దగ్గర ఆగేది. మీరు కట్టబోయే కిస్తీని బ్యాంకులు లెక్కేసే పద్ధతిలోకి మారిస్తే వడ్డీ 16 శాతం దాటుతుంది. ఎవరైనా వడ్డీ రేటు చెప్పగానే ‘‘ఫ్లాటా, తగ్గే అసలు మీదా?’’ అని అడగండి. జవాబు నసుగుతూ వస్తే కుర్చీలోంచి లేవండి.

మీ చేతిలో నెలకు మిగిలేది 10,000. కిస్తీ పోతే 1,181. పెట్రోలు ట్యాంకు ఒకసారి నింపాక మిగిలేదెంతో మీరే చూసుకోండి.

చీటీ సంగతి ఇంకా బాధాకరం. మీ వాయిదాను బట్టి అది 40 నెలల చీటీ. ఇప్పటికి 14 నెలలు కట్టారనుకుందాం. పాటలో 44,000 వదులుకుంటే చేతికొచ్చేది 1,56,000. అందులో 70,000 మీరు కట్టిన సొమ్మే. అంటే మీరు నిజంగా తెచ్చుకునే అప్పు 86,000. మిగిలిన 26 నెలల్లో కట్టాల్సింది 1,30,000. మిగతావాళ్లు పాటలో వదులుకున్నదాంట్లో మీ వాటా, అంటే డివిడెండు, కొంత తగ్గిస్తుంది, సరే. అయినా ఇది అప్పే, పొదుపు కాదు. ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో వచ్చినప్పుడు చీటీ పాడడం మన దగ్గర ఉన్న ఆనవాయితీ, నేను కాదనను. మొదటి నెలలోనే గీతలు పడే బండి కోసం మాత్రం పాడకండి. అమ్మగారి మందుల ఖర్చు నెలనెలా ఉన్న ఇల్లు మీది. ఆ చీటీని చివరిదాకా ఉంచుకోవాల్సిన అవసరం ఉంది.

350 సీసీ గీత కూడా మీ జేబును కోస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులపై జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. షోరూం ధర మూడు లక్షలున్న 450 సీసీ బండిలో 85,000కు పైగా పన్నే. థర్డ్ పార్టీ బీమాలోనూ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది) అదే గీత: 2022 జూన్ పట్టిక ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు ఏడాదికి 1,366, ఆపైన 2,804. కొత్త బండికి అయిదేళ్లది ఒకేసారి కట్టించుకుంటారు కాబట్టి 7,365కు బదులు 15,117 అవుతుంది, జీఎస్టీ అదనం.

నేనయితే ఇలా చేస్తాను. ఇంటి ఖర్చు, మందులు కలిపి నెలకు 41,000. ఆరు నెలలకు 2,46,000. బ్యాంకులో ఉన్న 3.1 లక్షల్లో దీన్ని ముట్టుకోకూడదు. మిగిలేది 64,000. నెలకు మిగిలే పదివేలు ఎనిమిది నెలలు పక్కన పెడితే మరో 80,000. మొత్తం 1,44,000. ఇదే మీ సరదా బడ్జెట్, అప్పు లేకుండా, సిప్ ఆపకుండా. ఇప్పుడు మార్చి, అంటే నవంబరుకు డబ్బు సిద్ధం. లంబసింగిలో మంచు దిగేదీ అప్పుడే.

ఆ డబ్బులో మొదటి 30,000 బండికి కాదు, మీ ఒంటికి. ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్, చీలమండను గట్టిగా పట్టే ఆఫ్‌రోడ్ బూట్లు, మోకాలి, మోచేతి గార్డులు, చేతితొడుగులు. బూట్ల దగ్గర పిసినారితనం చేయకండి. వాలిన బండి కింద ఇరుక్కునేది పాదమే, ఎముక విరిగితే ఆరు వారాలు ఇంట్లోనే. తరువాత 12,000 శిక్షణకు. కోలార్ దగ్గరున్న బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ వంటి చోట్ల నేర్చుకునేవాళ్లకు బండి కూడా వాళ్లే ఇస్తారు. ఒకటి రెండు రోజులు అక్కడ పడి లేస్తే ఈ సరదా మీకు పడుతుందో లేదో తేలుతుంది. పడకపోతే పోయింది 12,000 మాత్రమే, మూడేళ్ల కిస్తీ కాదు. ఈలోగా మీ 110 సీసీ బండి మీదే ఖాళీ మైదానంలో ఫుట్‌రెస్టుల మీద నిలబడి నెమ్మదిగా నడపడం, నెమ్మదిగా తిప్పడం సాధన చేయండి.

90,000 బండికి. మిగిలిన 12,000 విరిగేవాటికి: క్లచ్ లివరు, బ్రేక్ లివరు, అద్దాలు, ఇండికేటర్లు. లివర్లు ఒక జత ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఈ చిన్నవాటికి బీమా క్లెయిము వేయకండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో మామూలు పాలసీ సగమే ఇస్తుంది, పైగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.

బీమా మాట వచ్చింది కాబట్టి రెండు సంగతులు. పోటీలకు, వేగ పరీక్షలకు బండిని వాడితే మామూలు వాహన పాలసీ వర్తించదు. మిత్రులు ‘చిన్న పోటీ’ అని పేరు పెట్టి రమ్మంటే అది గుర్తుంచుకోండి. గెడ్డలో బండి మునిగి ఇంజనులోకి నీరు వెళితే ఎట్టి పరిస్థితుల్లోనూ సెల్ఫ్ నొక్కకండి. నీటితో ఇంజను తిరిగి పాడైతే, ఇంజను రక్షణ అదనంగా కొనుక్కోని పాలసీ ఆ నష్టం ఇవ్వదు. ఇక టర్మ్ పాలసీ, అంటే మీ ప్రాణానికి వేసుకునే బీమా గురించి మీరు రాయనే లేదు. లేకపోతే బండికంటే ముందు అది తీసుకోండి, దరఖాస్తులో ఈ అలవాటును దాచకండి.

అడవి గురించి కూడా ఒక మాట. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. వంజంగి దగ్గరైనా, చింతపల్లి దగ్గరైనా ఊరి దారుల్లో వెళ్లండి, కాఫీ తోటల్లోకి దూరకండి. కేసు ఖర్చు నా లెక్కలో లేదు.

చివరగా మీ బావమరిది బండి. పాతది కావడమే మీకు మేలు. కొత్తదాని మొదటి గీత గుండెలో పడుతుంది, పాతదాని పదో గీతను ఎవరూ లెక్కపెట్టరు. 75,000 అయితే 90,000లో ఇంకా 15,000 మిగులుతుంది. దానితో టైర్లు, చైను సెట్టు మార్పించి, ముందు ఫోర్కుల్లో ఆయిలు కారుతుంటే సీళ్లు వేయించండి. కొనేముందు చక్రాలను గాల్లో తిప్పి రిమ్ము వంకర ఉందేమో, స్పోకులు వదులుగా ఉన్నాయేమో, హ్యాండిలు కింద ఫ్రేముకు వెల్డింగు జరిగిందేమో తెలిసిన మెకానిక్కుతో చూపించండి. బావమరిది నొచ్చుకుంటాడేమో అనుకోకండి, ఆయన బండి మీద ఎక్కేది ఆయన బావే కదా. ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉంటే ముందు ఫారం 35తో తీయించమనండి. బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు అయ్యాకే డబ్బు ఇవ్వండి. బండి మీ పేరుకు మారిన 14 రోజుల్లోగా బీమా కూడా మార్పించుకోండి, ఆయన నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు. డబ్బు నవంబరు వరకు ఆగాలని చెప్పి, అంతవరకు ఆ బండి వేరేవాళ్లకు ఇవ్వకుండా అట్టిపెట్టమని ఈ ఆదివారమే అడగండి.