విజయనగరం సంగీత కళాశాల ప్రిన్సిపాళ్ళ జాబితాలో సంవత్సరాలు కలవకపోతే

ద్వారం వెంకటస్వామినాయుడు పేరు మీకు ఒకచోట 1919 దగ్గర, మరోచోట 1936 దగ్గర కనిపించడానికి కారణం, చేరిన సంవత్సరం, ప్రిన్సిపాల్ అయిన సంవత్సరం కలిసిపోవడమే. రెండు తేదీలూ సరైనవే. దేన్నీ కొట్టివేయకండి.

1. 1919లో విజయరామ గజపతిరాజు కళాశాలను స్థాపించారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు.

2. అదే ఏడాది ద్వారం వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. దాసుగారి తరువాత, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అంటే పదిహేడేళ్ళు ఇద్దరూ ఒకే కళాశాలలో ఉన్నారు. హరికథా పితామహుడు, వయొలిన్ విద్వాంసుడు ఒకే కప్పు కింద! మీ వ్యాసంలో ఈ కాలానికి తప్పక చోటివ్వండి.

3. చాలామంది వదిలేసే పని ఇదే: పట్టికలో ఒక్క 'సంవత్సరం' గడి సరిపోదు. చేరినది, బాధ్యత స్వీకరించినది, బాధ్యత వదిలినది, మరణించినది అని నాలుగు గడులు పెట్టండి. దాసుగారు 1945లో కన్నుమూశారు. ఆ ఏడాదిని పదవి ముగిసిన ఏడాదిగా రాస్తే ద్వారం కాలంలో తొమ్మిదేళ్ళు మాయమవుతాయి.

4. తరువాతి పేర్లకూ ఇదే పద్ధతి. తాత్కాలికంగా బాధ్యత చూసినవారిని విడిగా గుర్తించండి. జ్ఞాపక సంచికలో వ్యాసం కంటే ఆ ఏడాది హాజరు పట్టీ మీది సంతకాన్నే నమ్మండి.

గడి ఖాళీగా మిగిలితే అలాగే ఉంచండి, ఊహతో నింపవద్దు.