'ఇంట్రాన్సిజెంట్'కి తెలుగులో ఏ మాట సరిపోతుంది?

రాజకీయ వార్తల్లో వచ్చే 'ఇంట్రాన్సిజెంట్ పొజిషన్' అంటే 'అతివాద వైఖరి' అనేనా అని అడిగారు. కాదండీ. ఇలాంటి పొరపాటే ఒకటి నేనూ చేశాను.

పత్రికలో సబ్‌ఎడిటర్‌గా చేరిన కొత్తలో వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లీషు కాపీ ఒకటి అనువాదానికి ఇచ్చారు. ఎక్కడో శాంతి చర్చలు చెడిపోయాయి, రెండు పక్షాలదీ 'ఇంట్రాన్సిజెంట్' ధోరణే అని అందులో ఉంది. డిక్షనరీ చూసి 'రాజీలేని వైఖరి' అని రాసి పంపాను. డెస్క్ ఇన్‌ఛార్జి పిలిచి, "వీళ్లను తిడుతున్నావా, దండలు వేస్తున్నావా?" అన్నారు.

నిజమే. మనకు 'రాజీలేని పోరాటం' అంటే పొగడ్త. కరపత్రాల్లో, సంస్మరణ సభల బ్యానర్ల మీద కనిపించే మాట. ఇంగ్లీషు మాటేమో ఎక్కువగా ఎదుటివాళ్లు విసుగెత్తి అనేది. పోనీ 'మొండి వైఖరి' అందామా అంటే, అది ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తిట్టే తిట్టు. 'కరడుగట్టిన' అని రాస్తే ఆ వెనకే 'నేరస్థుడు' గుర్తొస్తాడు. చివరికి ఆయనే 'పట్టువిడుపుల్లేని' అని దిద్దారు. ఇప్పటికీ నేను అదే వాడతాను.

'అతివాద' ఎందుకు కుదరదంటే, అది వాళ్లు ఏం కోరుతున్నారో చెబుతుంది. 'ఇంట్రాన్సిజెంట్' మాత్రం బేరానికి దిగుతారా లేదా అన్నదే చెబుతుంది. స్పానిష్‌లో 'ట్రాన్సిహిర్' అంటే రాజీపడటం. 1873లో స్పెయిన్‌లో గణతంత్రం వచ్చాక, ఆ జూన్‌లో ప్రభుత్వాధినేత అయిన పి ఇ మర్గాల్‌కు కావాల్సింది ఫెడరల్ వ్యవస్థే, 'ఇంత్రాన్సిహెంతెస్' (రాజీపడనివాళ్లు) అనే వర్గానికీ అదే. పార్లమెంటు రాజ్యాంగం రాసేదాకా ఆగుదామని ఆయన, ఆగేది లేదని వీళ్లు. జులైలో కార్తహేనా నగరం తిరుగుబాటు చేసి, సొంత పాలన ప్రకటించుకుని, 1874 జనవరి దాకా లొంగలేదు. గొడవంతా ఎప్పుడు, ఎలా అన్నదాని మీదే!

కోరిక చిన్నదైనా ఈ మాట వాడొచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గీత అంగుళం కూడా జరపనివ్వని పెద్దాయన ఉన్నారు. ఆయన అతివాది కాదు, ఇంట్రాన్సిజెంటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అన్నట్టు, హెడ్డింగ్‌లో 'పట్టువిడుపుల్లేని' పట్టదు. అక్కడ 'మెట్టు దిగని' అని సర్దుకోండి.